హెబ్బాళ దాటితే మన ఊళ్లే

రెండు మహానగరాలను కలపడానికి వేసిన రహదారి అది. నడుమ చిక్కబళ్ళాపుర జిల్లాలో దాన్ని ఆనుకునే బతుకుతున్న తెలుగు పల్లెలకు ఆ దారి ఏమిచ్చింది, ఏం బాకీ పడింది?

2008లో రెండు నెలల తేడాతో రెండు కొత్త విమానాశ్రయాలు తెరుచుకున్నాయి. మార్చి 23న హైదరాబాద్ శివార్లలో శంషాబాద్, మే 24న బెంగళూరు శివార్లలో దేవనహళ్లి. మొదటిది నగరానికి దక్షిణాన ఉంది, రెండోది ఉత్తరాన ఉంది. రెండింటికీ వాకిలి మాత్రం ఒకటే రోడ్డు. అప్పట్లో దాన్ని ఏడో నంబరు జాతీయ రహదారి అనేవాళ్లం. 2010లో కేంద్రం నంబర్లు మార్చాక అది నలభై నాలుగు అయింది.

విమానాలు దిగడం మొదలయ్యాక ఆ రోడ్డును త్వరగా అందుకోవాలన్న తొందర రెండు నగరాలకూ పట్టుకుంది. హైదరాబాద్ మెహిదీపట్నంలో స్తంభాలు లేపి, కింద బజారు బజారులా సాగుతుండగానే పైన 11.6 కిలోమీటర్ల పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే కట్టింది. 2009 అక్టోబరులో అది ప్రారంభమైంది. ఇవాళ అత్తాపూర్‌లో ఎవరిని చిరునామా అడిగినా ముందు పిల్లర్ నంబరు చెబుతారు. బెంగళూరు మరో నాలుగేళ్లు ఎక్కువ తీసుకుంది. హెబ్బాళ నుంచి దేవనహళ్లి దాకా 22 కిలోమీటర్ల రోడ్డును ఆరు వరసలు చేసి, రద్దీ ఉన్నచోట వంతెన మీదికి ఎక్కించి, 2014 ఆరంభానికి సిద్ధం చేసింది.

హైదరాబాద్‌లో ఆ ఎక్స్‌ప్రెస్‌వే దిగే ఆరాంఘర్‌కూ ఇటు దేవనహళ్లికీ మధ్య ఐదు వందల కిలోమీటర్లకు పైగా దూరం ఉంది. ఆ దూరాన్ని మనలో చాలామంది కళ్లతో చూడలేదు. రాత్రి పదికి స్లీపర్ బస్సెక్కి, తెల్లారేసరికి మెలకువ వస్తే కిటికీలోంచి ఏదో ఊరి లైట్లు, ఒక టోల్ ప్లాజా, చీకట్లో గుండ్రాళ్ల గుట్టలు కనిపిస్తాయి. ‘‘అన్నా, ఎలహంక వస్తే లేపన్నా’’ అని క్లీనర్‌కు చెప్పి మళ్లీ కళ్లు మూస్తాం. ఆ మగతలో మనం దాటిపోయేదే చిక్కబళ్ళాపుర జిల్లా. కొడికొండ చెక్‌పోస్టు నుంచి నంది క్రాస్ దాకా అరవై కిలోమీటర్ల పైచిలుకు. బోర్డులన్నీ కన్నడలో ఉంటాయి. బస్టాండులో, సంతలో, బడి గేటు దగ్గర వినిపించే మాట మాత్రం చాలావరకు తెలుగే. ఈ కథనం ఆ ముక్క గురించి.

పాత బళ్లారి దారి

బెంగళూరులో ఈ రోడ్డును ఇప్పటికీ బళ్లారి రోడ్డు అంటారు. చిక్కబళ్ళాపురం ఊరి నడిబొడ్డున పోయే పాత రోడ్డు పేరు బీబీ రోడ్డు, అంటే బెంగళూరు–బళ్లారి. కొత్తవాళ్లకు వింతగా ఉంటుంది, హైదరాబాద్ దారికి బళ్లారి పేరేమిటని. 1800లో నిజాం వదులుకున్న దత్తమండలాలకు బళ్లారే ఈస్టిండియా కంపెనీవాళ్ల కేంద్రం. 1809 నాటికి బెంగళూరులో దండు వెలిసింది. ఈ రెండు సైనిక స్థావరాల మధ్య ఫిరంగులు, బండ్లు, తపాలా నడవాలి. దేవనహళ్లి, చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, కొడికొండ, పెనుకొండ, అనంతపురం మీదుగా ఆ దారి గట్టిపడింది. హైదరాబాద్‌కు పోయే బండి ఆ దారిలో చాలా దూరం పోయాకే వేరే దిక్కు పట్టేది.

అంతకు ముందు మాత్రం దారి లేదా? ఉంది. దేవనహళ్లినీ చిక్కబళ్ళాపురాన్నీ స్థాపించినవాళ్లు అవతి పాలెగాళ్ల వంశం. దేవనహళ్లి కోటలో టిప్పు పుట్టాడు. 1791 అక్టోబరులో కారన్‌వాలిస్ సేనలు నంది దుర్గం ఎక్కింది ఈ పరిసరాల నుంచే. బాగేపల్లి వైపు గుమ్మనాయకనపాళ్యం కోట, గుడిబండ కోట గుట్టల మీద నిలబడి ఇంకా ఈ దారినే చూస్తున్నాయి. చింతామణి తాలూకా కైవారంలో తత్వాలు పాడిన నారేయణ యోగి, మనం తాతయ్య అని పిలుచుకునే ఆయన, గాజుల మలారం భుజాన వేసుకుని ఊరూరా తిరిగాడని సంప్రదాయం చెబుతుంది. ఆయన తెలుగులో, కన్నడంలో రెండింట్లోనూ రాశాడు. ఈ నేలలో రెండు భాషలూ ఒకే కాలిబాట మీద నడిచాయనడానికి అంతకన్నా సాక్ష్యం వెతకనక్కర్లేదు.

రోడ్డు పోకడ చూస్తే నేల వాలును ఎంత బాగా చదివి వేశారో తెలుస్తుంది. చిక్కబళ్ళాపురం సముద్రమట్టానికి సుమారు 915 మీటర్ల ఎత్తున, బాగేపల్లి 700 మీటర్ల ఎత్తున ఉన్నాయి. నంది కొండల ఉత్తరపు వాలులో పుట్టిన నీళ్లన్నీ పెన్న వైపు పోతాయి. చిత్రావతి బాగేపల్లి పక్కగా పారి పుట్టపర్తి, ధర్మవరం దాటి గండికోట దగ్గర పెన్నలో కలుస్తుంది. రోడ్డు కూడా గుట్టల్ని తొలవకుండా, వాటి మధ్య లోయల్ని పట్టుకుని అదే దిక్కున దిగుతుంది. అందుకే ఇక్కడ సొరంగం లేదు, పెద్ద ఘాట్ లేదు.

1834 నుంచి 1861 దాకా మైసూరు కమిషనర్‌గా ఉన్న మార్క్ కబ్బన్ కాలంలో రాజ్యమంతటా రోడ్లు వేశారు. రోడ్డుకు రెండు పక్కలా చెట్లు నాటించడం ఈ దేశంలో పాత ఆచారం. చింతచెట్లు, మర్రిచెట్లు బాటసారికి నీడనిచ్చేవి. నాలుగు వరసలు వచ్చేటప్పుడు ఇలాంటి చెట్లే ముందు పోయాయి. ఇప్పుడు డివైడర్ నడుమ గన్నేరు పొదలున్నాయి. ఎదుటి బండి లైటు కళ్లలో పడకుండా అవి కాపాడతాయి, నడిచే మనిషికి మాత్రం నీడ ఇవ్వవు.

ముద్దేనహళ్లి ఇంజనీరు

నంది క్రాస్‌కు కాస్త దూరంలో, చిక్కబళ్ళాపురానికి దగ్గర్లో ముద్దేనహళ్లి ఉంది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య పుట్టిన ఊరు. ఇంటిపేరు చెబుతున్నట్టు ఆయన పూర్వీకులు ఆంధ్రలోని మోక్షగుండం నుంచి వలసవచ్చినవాళ్లు. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి హైదరాబాద్‌ను ముంచేశాక నిజాం ప్రభుత్వం పిలిచింది ఈయన్నే. వరద మళ్లీ రాకుండా పైన జలాశయాలు కట్టాలని ఆయన చెప్పాడు. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు ఇవాళ హిమాయత్ సాగర్ పక్క నుంచే పోతుంది. రోడ్డు ఈ చివర పుట్టినవాడు ఆ చివర నగరానికి కాపు కాశాడన్నమాట. ముద్దేనహళ్లిలో ఆయన ఇల్లు, సమాధి ఉన్నాయి. బెంగళూరు పోయేవాళ్లు ఒక గంట ఆగి చూడదగ్గ చోటు.

ఆయన మైసూరు దివానుగా ఉన్న 1912–18 మధ్యే చిక్కబళ్ళాపురానికి చిన్న రైలు వచ్చింది. ఆ సన్న పట్టాల మీద బంగారుపేట, కోలారు, చింతామణి, శిడ్లఘట్ట, చిక్కబళ్ళాపురం, దేవనహళ్లి ఒక దండలో కూర్చినట్టయ్యాయి. వందేళ్లకు గానీ అవన్నీ పెద్ద పట్టాలు కాలేదు. బాగేపల్లికి మాత్రం నేటికీ రైలు లేదు. ఆసుపత్రికైనా కాలేజీకైనా కూలికైనా ఆ ఊరికి దిక్కు ఈ రోడ్డే. ఈ సంగతి మనసులో పెట్టుకుంటే తర్వాత చెప్పబోయేది ఎందుకింత ముఖ్యమో అర్థమవుతుంది.

చదువు కోసం గౌరిబిదనూరు దగ్గర హోసూరు నుంచి బెంగళూరుకు కాలినడకన పోయిన కుర్రాడొకడు ఈ ప్రాంతంవాడే. అతనే తర్వాతి కాలంలో బెంగళూరు విశ్వవిద్యాలయం వైస్‌ఛాన్సలర్ అయిన హెచ్. నరసింహయ్య. తాను పడ్డ పాట్లు తన వెనకవాళ్లు పడకూడదని గౌరిబిదనూరులో, బాగేపల్లిలో నేషనల్ కాలేజీలు పెట్టించాడు. ఊరి పిల్లలు నగరానికి పోవడమే కాదు, నగరపు చదువు ఊరికి రావాలని తలచిన మనిషి. రహదారుల శాఖలు కూడా ఆ రెండో దిక్కును గుర్తుపెట్టుకుంటే ఎంత బాగుండేది.

నాలుగు వరసలు ఎలా పడ్డాయి

1998లో మొదలైన జాతీయ రహదారుల అభివృద్ధి పథకంలో పేరు మోసింది స్వర్ణ చతుర్భుజి. ఢిల్లీ, ముంబయి, చెన్నై, కోల్‌కతాల్ని కలిపే ఆ గొలుసులో బెంగళూరు–హైదరాబాద్ రోడ్డు లేదు. అది ఉత్తర–దక్షిణ కారిడార్ కిందికి వచ్చింది. శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా సాగే ఆ పని ముక్కలు ముక్కలుగా, ఒక్కో ముక్క ఒక్కో కాంట్రాక్టుగా నడిచింది.

ఆంధ్ర సరిహద్దు నుంచి నంది క్రాస్ దాకా, ఆపైన దేవనహళ్లి నుంచి మీనుకుంటె దాకా ఉన్న ముక్కను పటేల్–కేఎన్ఆర్ సంస్థ యాన్యుటీ పద్ధతిలో చేపట్టింది. ఈ పద్ధతి కాస్త తెలుసుకోవాలి. కట్టే కంపెనీ తానే అప్పు తెచ్చి రోడ్డు వేస్తుంది. జాతీయ రహదారుల సంస్థ ఆరు నెలలకోసారి ముందే ఒప్పుకున్న మొత్తాన్ని ఏళ్ల తరబడి చెల్లిస్తుంది. బండ్లు ఎక్కువ తిరిగినా తక్కువ తిరిగినా కంపెనీకి వచ్చేది మారదు. టోల్ డబ్బు రహదారుల సంస్థకు పోతుంది. దాని పక్కనే హెబ్బాళ–దేవనహళ్లి ముక్కది వేరే లెక్క. అది నవయుగ సంస్థ టోల్ పద్ధతిలో కట్టింది. పెట్టిన పెట్టుబడిని కంపెనీయే టోల్ వసూలు చేసి రాబట్టుకోవాలి. ఒకే రోడ్డు మీద ప్రయాణికుడు రెండు చోట్ల ఫాస్టాగ్ చూపిస్తాడు, రెండు డబ్బులూ రెండు దారుల్లో పోతాయి.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. నవయుగ, కేఎన్ఆర్ తెలుగువాళ్ల కంపెనీలు. బెంగళూరుకు అటు చివర, హోసూరు రోడ్డు మీద 2010 జనవరిలో తెరిచిన దాదాపు 10 కిలోమీటర్ల ఎలక్ట్రానిక్ సిటీ పైవంతెనను కట్టిన సోమా, నాగార్జున, మేటాస్ కూడా అంతే. కన్నడ రాజధాని ఉత్తర, దక్షిణ ద్వారాలు రెండూ తెలుగు కాంట్రాక్టర్ల చేతి మీదుగా లేచినవే. ఇదే రోడ్డు మీద హైదరాబాద్ వైపు పోతే తగిలే పాలమూరు, దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా రోడ్డు వేసినా తట్ట మోసిన జిల్లా. పాలమూరు లేబర్ అంటే తెలియని మేస్త్రీ ఉండడు. కంపెనీల పేర్లు శిలాఫలకాల మీదికి ఎక్కాయి, ఆ కూలీల పేర్లు ఎక్కలేదు.

రోడ్డంటే పైన కనిపించే నల్లటి తారేనని మనం అనుకుంటాం. నిలువునా కోసి చూస్తే అది పొరల పొరల పని. అడుగున రోలరుతో తొక్కి తొక్కి గట్టిపరిచిన మట్టి కట్ట. దాని మీద జీఎస్‌బీ, అంటే పైనుంచి దిగిన నీరు నిలవకుండా పక్కకు పోయేట్టు పరిచిన గ్రావెల్, కంకర. దాని మీద వెట్ మిక్స్, పలు సైజుల కంకర, రాతిపొడి తగినంత తడితో కలిపి పరిచి దిమ్మిసలా బిగించిన పొర. ఆపైన డీబీఎం అనే ముతక తారు పొర, చిట్టచివర బీసీ అనే సన్నటి తారు పొర. ఆ తారుమిశ్రమం నూట యాభై డిగ్రీల పైచిలుకు వేడితో లారీలోంచి పేవర్‌లో పడాలి, చల్లారేలోగా రోలరు దాని మీద ఎక్కాలి. అడుగు పొరలో నీరు నిలిచిందా, పై పొర ఎంత మేలైనదైనా రెండు వానలకు గుంత పడుతుంది. ఈ ముక్కలో అడుగు పని బాగానే చేశారనే చెప్పాలి. పదిహేనేళ్లు దాటినా బండి కుదుపు లేకుండా సాగుతుంది.

ఆ కంకరంతా ఎక్కడిది? బయటి నుంచి తెచ్చింది కాదు. ఈ గుట్టలదే. పేరేసంద్ర, గుడిబండ చుట్టుపక్కల రాతి కొండలు బెంగళూరు మేడలకూ రోడ్లకూ కంకరై పోతూనే ఉన్నాయి. 2021 ఫిబ్రవరి 23న హిరేనాగవల్లి దగ్గర జిలెటిన్ కడ్డీలు పేలి ఆరుగురు చనిపోయారు. నగరం కింద ఉన్న రాయి ఎంత ఖరీదు చేస్తుందో ఆ ఊరికి తెలుసు.

హెబ్బాళలో బిగుసుకున్న ముడి

దేవనహళ్లి నుంచి గాలిలో తేలినట్టు వచ్చిన కారు హెబ్బాళ దగ్గర అడుగు తీసి అడుగు వేయలేకపోతుంది. ఎందుకంటే హెబ్బాళ ఫ్లైఓవర్ 2003 నాటిది. విమానాశ్రయం రాకముందు రద్దీకి సరిపోయేట్టు కట్టింది. ఉత్తరాన వరసలు పెంచుకుంటూ పోయారు, ఆ వరసలన్నీ వచ్చి పడే చోటు మాత్రం అంతే ఉండిపోయింది. చిక్కబళ్ళాపురం నుంచి ఎలహంక దాకా పట్టే సమయం కంటే, హెబ్బాళ నుంచి మెజెస్టిక్ చేరడానికి ఎక్కువ పట్టే పూటలు ఉన్నాయని ఈ దారిలో రోజూ తిరిగేవాళ్లను అడిగితే చెబుతారు.

ఆ ముడి విప్పడానికి 2016లో కర్ణాటక ప్రభుత్వం బసవేశ్వర సర్కిల్ నుంచి హెబ్బాళ దాకా 6.7 కిలోమీటర్ల ఉక్కు వంతెన తలపెట్టింది. ఖర్చు 1,791 కోట్లు, కొట్టేయాల్సిన చెట్లు 812. నగరం భగ్గుమంది. అక్టోబరు 16న వేలాదిమంది ఉక్కు వంతెన వద్దంటూ ఈ రోడ్డు పక్కనే చేయీ చేయీ కలిపి నిలబడ్డారు. 2017 మార్చిలో సర్కారు వెనక్కి తగ్గింది. బెంగళూరు పౌరులు సాధించిన గొప్ప విజయాల్లో అదొకటి. ఆ తర్వాత వచ్చినవి ఒకదాని మీద ఒకటి. విమానాశ్రయం దాకా మెట్రో పని ఈ రోడ్డు వెంటే సాగుతోంది. 2025 ఆగస్టులో హెబ్బాళ దగ్గర కొత్త లూప్ తెరిచారు. హెబ్బాళ నుంచి సిల్క్‌బోర్డు దాకా భూగర్భంలో 16 కిలోమీటర్లకు పైగా సొరంగ మార్గం వేస్తామంటున్నారు.

నగరంలో 812 చెట్లంటే పత్రికల మొదటి పేజీ. అది న్యాయమే. అదే రోడ్డు బాగేపల్లి వైపు నాలుగు వరసలయినప్పుడు పోయిన చింతచెట్లకు మొదటి పేజీ దక్కలేదు. చేయీ చేయీ కలిపి నిలబడ్డానికి అక్కడ అంతమంది జనమూ లేరు, చూడ్డానికి కెమెరాలూ లేవు. ఈ తేడా నన్ను బాధపెడుతుంది.

క్రాస్ దగ్గర

ఈ దారి పొడవునా ఊరు రోడ్డు మీద ఉండదు. ఊరు లోపల ఎక్కడో ఉంటుంది, రోడ్డును తాకే చోట ఒక క్రాస్ ఉంటుంది. నంది క్రాస్, చేళూరు క్రాస్ లాంటివి. క్రాస్ అంటే ఒక టీ బంకు, పంచరు అంగడి, రెండు షేర్ ఆటోలు, చెట్టు కింద పాలక్యాన్లు, ఫ్లెక్సీ మీద ఎవరిదో పుట్టినరోజు. తెల్లవారుజామున అక్కడ నిలబడితే జిల్లా అంతా కళ్లముందు నడుస్తుంది. గులాబీలు, చామంతుల మూటలు నగరం పూలసంతకు పోతాయి. శిడ్లఘట్ట పట్టుగూళ్ల సంతకు బుట్టలు పోతాయి. ద్రాక్ష కాలంలో ట్రేలు పోతాయి. వాటితోపాటు టిఫిన్ డబ్బా సంచీలో పెట్టుకుని గార పనికీ, గార్మెంట్ ఫ్యాక్టరీకీ పోయే మనుషులు.

వీళ్లకు రోడ్డు మీద రెండు చిక్కులు. మొదటిది, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఇక్కడ ఆగవు. ఆగే బండి సుమోనో మ్యాక్సీ క్యాబో. అది నిండితేగాని కదలదు, నిండాక కూడా ఇంకో ముగ్గుర్ని ఎక్కించుకుంటుంది. రెండోది, రోడ్డు దాటడం. అండర్‌పాస్ దూరంగా ఉంటే ఎవరూ అంత దూరం నడవరు, ముసలివాళ్లు అసలే నడవలేరు. డివైడర్ మధ్య గన్నేరు పొదల్ని తప్పించుకుంటూ నూరు కిలోమీటర్ల వేగంతో వచ్చే బండ్లకు అడ్డంగా పరుగెడతారు. సర్వీసు రోడ్డు లేనిచోట టూవీలరు రాంగ్ రూట్‌లో ఎదురొస్తుంది. పట్నంవాళ్లు కారులోంచి చూసి వీళ్లకు ట్రాఫిక్ సెన్స్ లేదంటారు. ఆ మాట అన్యాయం. పొలం అటు, ఇల్లు ఇటు ఉన్న మనిషికి దగ్గర్లో దాటే చోటు ఇవ్వకపోవడమే అసలు తప్పు, ఆ తప్పు గీత గీసిన చోట జరిగింది.

2023 అక్టోబరు 26, గురువారం. దసరా వెళ్లిన వెంటనే. ఆంధ్ర వైపు నుంచి బయల్దేరిన టాటా సుమో బాగేపల్లి దాటి బెంగళూరు వైపు వస్తోంది. పండగకు వచ్చి మళ్లీ పనుల్లోకి పోతున్న కూలీలు అందులో ఎక్కువమంది. ఉదయం ఏడు ప్రాంతంలో చిక్కబళ్ళాపురం శివారులో మంచు దట్టంగా కమ్మి ఉంది. రోడ్డు మీద ఒక ట్యాంకరు ఆగి ఉంది. సుమో వెనక నుంచి దాన్ని గుద్దుకుంది. పదమూడు మంది చనిపోయారు.

ఈ రహదారి మీద ఇంతకన్నా పెద్ద ఘోరాలూ జరిగాయి. 2013 అక్టోబరు 30 తెల్లవారుజామున పాలెం దగ్గర బెంగళూరు–హైదరాబాద్ బస్సు కాలి 45 మంది పోయారు. 2025 అక్టోబరు 24న కర్నూలు దగ్గర చిన్నటేకూరులో మరో బస్సు కాలింది, ఇరవై మంది దాకా పోయారు. రాత్రి బస్సుల భద్రత గురించి వాటి తర్వాతే చర్చ నడిచింది, నడవాలి కూడా. చిక్కబళ్ళాపురం ప్రమాదం మాత్రం బస్సుది కాదు. బస్సు ఆగని ఊళ్లవాళ్లది. ఆగడానికి చోటు లేక రోడ్డు మీదే ఆగిన బండికీ, ఆగే బస్సు లేక కిక్కిరిసి పోతున్న బండికీ మధ్య మంచు తెర ఒక్కటే అడ్డు. శీతకాలంలో నంది కొండల కింద మంచు ప్రతి ఏటా ఉంటుంది, అది ఎవరికీ తెలియని సంగతి కాదు. లారీలు పక్కకు పెట్టుకునే లేబైలు, ఊళ్ల దగ్గర బస్ బేలు, మంచులో మెరిసే గీతలు, లైట్లు. ఇవేవీ వేల కోట్ల పనులు కావు.

ఇక మీద రాబోయేది

కొడికొండ దగ్గర, సరిహద్దుకు అవతల ఒక కొత్త రహదారి మొదలవుతోంది. బెంగళూరు–కడప–విజయవాడ కారిడార్, 544జీ నంబరు. చిలమత్తూరు మండలం కొడూరు నుంచి అద్దంకి దగ్గర ముప్పవరం దాకా 342 కిలోమీటర్లు, ఆరు వరసలు, ఎక్కడపడితే అక్కడ ఎక్కే వీల్లేని దారి. 2026 జనవరిలో పుట్టపర్తి దగ్గర 24 గంటల్లో 28.89 లేన్ కిలోమీటర్ల తారు పరిచి గిన్నిస్ రికార్డు కొట్టింది ఈ దారి మీదే. అది పూర్తయితే విజయవాడ, గుంటూరు, ఒంగోలు బండ్లు చాలావరకు కొడికొండకే వస్తాయి. అక్కడి నుంచి బెంగళూరుకు వాటికి మరో పెద్ద దారి లేదు. బాగేపల్లి, చిక్కబళ్ళాపురం మీదుగా ఉన్న ఈ నాలుగు వరసలే. హెబ్బాళలో జరిగిందే మళ్లీ జరగబోతోంది, ఈసారి బాగేపల్లిలో. చూస్తూ చూస్తూ చేసే పొరపాటు ఇది.

రోడ్డు వెనకే భూమి ధర వస్తుంది. దేవనహళ్లి తాలూకా చన్నరాయపట్నం హోబళిలో ఏరోస్పేస్ పార్కు కోసం 1,777 ఎకరాలు తీసుకోవాలని చూస్తే రైతులు మూడేళ్లకు పైగా పట్టువిడవకుండా పోరాడారు. 2025 జులై 15న ప్రభుత్వం ఆ ప్రయత్నం మానుకుంది. అదే నెల మొదట్లో నంది కొండ మీద జరిగిన కర్ణాటక మంత్రివర్గ సమావేశం బాగేపల్లి పేరును భాగ్యనగరగా మార్చాలని నిర్ణయించింది. పేరు మార్చడం మీద ఎవరికీ అభ్యంతరం అక్కర్లేదు. దాంతోపాటు సర్వీసు రోడ్డు కూడా వస్తే ఇంకా సంతోషం.

నీళ్ల సంగతీ ఈ దారిదే. బోర్లు వెయ్యి అడుగులు దాటినా తడి తగలని జిల్లా ఇది. నగరం వాడి పారేసిన నీటిని శుద్ధి చేసి హెబ్బాళ–నాగవార లోయ నుంచి పైపుల్లో ఎగువకు తోడి చిక్కబళ్ళాపుర చెరువుల్లో నింపుతున్నారు. పథకం లెక్క రోజుకు 21 కోట్ల లీటర్లు. కందవార చెరువు నిండడం చూసి సంబరపడ్డ రైతులే, రెండు దశల శుద్ధి చాలదు, మూడో దశ కూడా చేసి పంపండని అడుగుతున్నారు. పూలు, కూరగాయలు, పాలు, రాయి, కూలీలు అన్నీ నగరానికి ఇచ్చే జిల్లా శుభ్రమైన నీళ్లు అడగడం అత్యాశ కాదు.

   

ఈ నాలుగు వరసల రోడ్డును ఆరు వరసలు చేయొద్దని ఈ ఊళ్లలో ఎవరూ అనడం లేదు. రోడ్డు వచ్చాకే గర్భిణి వేళకు ఆసుపత్రి చేరుతోంది, పూలు వాడకుండా సంతకు పోతున్నాయి. అడిగేది వరస గురించి. ముందు ఊళ్ల వెంట తెగిపోకుండా సర్వీసు రోడ్డు, ప్రతి క్రాస్ దగ్గర కాలినడకన దాటే దారి, బస్ బే, లారీలకు లేబై. ఆ తర్వాత ఐదో వరస, ఆరో వరస. కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ రెండు ప్రభుత్వాలూ, రెండు ఆర్టీసీలూ కూర్చుని, తెల్లవారుజామున బాగేపల్లి నుంచి క్రాసుల్లో ఆగుతూ పోయే బస్సులు వేస్తే, కూలీలు నిండిన సుమోల అవసరం సగం తగ్గుతుంది.

ఈ దారిలో పోయేవాళ్లకు రెండు మాటలు. టోల్ ప్లాజాకు 20 కిలోమీటర్ల లోపు ఉన్నవాళ్లు సొంత వాహనాలకు నెలవారీ పాసు తీసుకోవచ్చు. నిబంధనల్లో ఉన్న హక్కు అది, వదులుకోకండి. రోడ్డు మీద లైట్లు లేకుండా ఆగివున్న లారీ గాని ట్యాంకరు గాని కనిపిస్తే దాటి పోయాక భద్రమైన చోట ఆగి 1033కు ఫోన్ చేయండి. జాతీయ రహదారుల మీద అది ఇరవై నాలుగు గంటలూ పనిచేసే ఉచిత నంబరు.